పాత మోటార్‌సైకిల్ ట్యాంకులో పెట్రోలు ఎంత, అది ఎంత దూరం తీసుకెళ్తుంది: ముల్లును నమ్మే ముందు తేల్చుకోవలసిన లెక్కలు

నాలుగేళ్ల క్రితం నేను కొన్న 125 సీసీ సెకండ్ హ్యాండ్ బండి, కొన్న తొమ్మిదో రోజున, మాల్ అనే ఊరు దాటి నాగార్జునసాగర్ వైపు వెళ్తుండగా ఆగిపోయింది. పెట్రోలు మీటరులో ముల్లు అప్పటికీ పావు గీత మీదే ఉంది. పెట్రోలు ట్యాపును రిజర్వులోకి తిప్పుదామని చెయ్యి పెడితే అది ముందునుంచీ రిజర్వులోనే ఉందని తెలిసింది. పాత యజమాని దాన్ని ఎప్పుడు అలా తిప్పి వదిలేశాడో తెలియదు, బండి చేతికొచ్చిన రోజున నేనూ చూసుకోలేదు. మధ్యాహ్నపు ఎండలో బండిని తోసుకుంటూ వెళ్లిన ఆ మూడు కిలోమీటర్లే ఈ వ్యాసానికి మూలం.

పాత బండిలో పెట్రోలు సమస్య అని మనం అనేది నిజానికి మూడు వేర్వేరు సమస్యల కలగలుపు. ట్యాంకులో వాడుకోదగ్గ పెట్రోలు ఎంత పడుతుందన్నది ఒకటి, లీటరుకు బండి ఎంత దూరం వెళ్తుందన్నది రెండోది, ముల్లు చెప్పేదానికీ ట్యాంకులో ఉన్నదానికీ పొంతన ఉందా అన్నది మూడోది. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి, మీటరో, ట్యాంకులో పెట్రోలు మీద తేలుతూ ముల్లును కదిపే ఫ్లోటో మార్పించి, డబ్బు ఖర్చయ్యాక కూడా దారిలో ఆగిపోతుంటారు. నా అనుభవంలో సరైన క్రమం దీనికి తలకిందులుగా ఉంటుంది: ముందు దూరం కొలిచే మీటరు నిజం చెబుతోందో లేదో చూడాలి, తరువాత ట్యాంకును లీటర్లలో కొలవాలి, ఆ తరువాత మైలేజీ లెక్క తీయాలి, అన్నింటికీ చివర ముల్లు జోలికి వెళ్లాలి. ముల్లు ఎంత తప్పు చెబుతోందో తెలియాలంటే దాన్ని పోల్చి చూసేందుకు సరైన కొలత ఒకటి ముందే మన దగ్గర ఉండాలి కదా.

బండి చేతికి వచ్చిన రోజున

కొనేముందే కొన్ని విషయాలు ఐదు నిమిషాల్లో చూడవచ్చు. బండిని డబుల్ స్టాండ్ మీద నిలబెట్టి, ట్యాంకు మూత తీసి, చిన్న టార్చి వెలుతురులో లోపలికి చూడండి. లైటరు, అగ్గిపుల్ల వంటివి ట్యాంకు దరిదాపుల్లోకి కూడా తేవద్దు. ట్యాంకు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు లోపల నిండి ఉండే ఆవిరి, ద్రవ రూపంలోని పెట్రోలుకన్నా ప్రమాదకరమైనది. లోపలి గోడలు లోహపు రంగులో ఉంటే మంచిది. ఇటుక రంగు పొర, అడుగున నల్లటి మట్టి, పొలుసులు కనిపిస్తే ఆ తుప్పు ఈపాటికే ట్యాపు జల్లెడనూ ఫ్లోటు చేయినీ చేరి ఉంటుందని అనుకోవచ్చు.

తరువాత తాళం ఆన్ చేసి ముల్లును గమనించండి. ఆరోగ్యంగా ఉన్న ముల్లు నిదానంగా, ఎక్కడా ఆగకుండా పైకి లేచి ఒకచోట నిలబడుతుంది. హ్యాండిల్ పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపితే, లోపల పెట్రోలు కదిలిన కొద్దిసేపటికి ముల్లులోనూ చిన్న కదలిక రావాలి. ఎంత ఊపినా శిలలా నిలిచిపోయినా, లేదా ఒక్కసారిగా ఎగిరిపడినా ఫ్లోటు యూనిట్‌ను అనుమానించాలి. ఇండికేటర్ వేసి కూడా చూడండి. ఇండికేటర్ వెలిగి ఆరిన ప్రతిసారీ ముల్లు కూడా దానికి తగ్గట్టే ఊగుతుంటే, లోపం చాలావరకు ట్యాంకులో ఉండదు, ఎర్త్ వైరులో ఉంటుంది. ఈ ఒక్క పరీక్ష తెలియక అనవసరంగా ఫ్లోటు మార్పించిన వారిని నేను చూశాను.

కార్బురేటర్ బండి అయితే ట్యాపు ఏ స్థానంలో ఉందో చూసి ఆన్‌లోకి తిప్పండి. ఏళ్ల తరబడి ఒకే స్థానంలో ఉండిపోయిన ట్యాపు బిగుసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు ప్లయర్‌తో బలవంతంగా తిప్పితే లోపలి రబ్బరు చినిగి కారడం మొదలవుతుంది. దాన్ని మెకానిక్ దగ్గర విప్పించి రబ్బరు మార్పించడమే మేలు. బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చిన 2020 ఏప్రిల్ తరువాత తయారైన బండ్లలో చాలావాటికి కార్బురేటర్‌కు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, వాటికి ఈ ట్యాపే ఉండదు. వాటి సంగతి చివర్లో విడిగా చెబుతాను.

అమ్మేవారు చెప్పే మైలేజీ మాటను మర్యాదగా వినండి, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోకండి. వారు అబద్ధమాడుతున్నారని కాదు, చాలామంది తమ బండిని ఎన్నడూ కొలిచి ఉండరు.

దూరం మీటరు నిజం చెబుతోందా

మైలేజీ అంటే దూరాన్ని లీటర్లతో భాగించగా వచ్చే అంకె. అందులో దూరమే తప్పయితే మిగతా శ్రమంతా వృథా. పాత బండ్లలో ముందు చక్రం దగ్గరి స్పీడోమీటర్ గేరు అరిగి ఉండవచ్చు, కేబుల్ మధ్యమధ్యలో జారుతుండవచ్చు, వేరే సైజు టైరు వేసి ఉండవచ్చు. కేబుల్ తెగిన బండిని కొన్నేళ్లు అలాగే నడిపి, అమ్మే ముందు మాత్రమే కొత్త కేబుల్ వేయించడం కూడా జరుగుతుంది. అలాంటి బండి ఓడోమీటర్‌లో కనిపించే మొత్తం కిలోమీటర్లకు అర్థం లేదు. అయినా ఇప్పటినుంచి అది సరిగా లెక్కిస్తుందా అన్నదే మనకు ముఖ్యం.

జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్లు వరుసగా ఉన్న చోటును ఎంచుకోండి. ఒక రాయి దగ్గర ఆగి ఓడోమీటర్ అంకెను చివరి పదో వంతుతో సహా రాసుకుని, 20 కిలోమీటర్లు వెళ్లి మళ్లీ రాసుకోండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లు స్థానం మారడం మామూలే కాబట్టి ఒకటి రెండు కిలోమీటర్లతో తీర్పు చెప్పకూడదు. ఫోనులోని జీపీఎస్ కొలతను కూడా పక్కన పెట్టుకుంటే అనుమానం తీరుతుంది. నా బండిలో 20 కిలోమీటర్ల దారికి మీటరు 20.8 చూపింది. అంటే మీటరు చూపే ప్రతి కిలోమీటరూ నిజానికి 0.96 కిలోమీటరే. ఈ 0.96 అనే గుణకాన్ని ఒక కాగితం మీద రాసుకోండి, ముందు ముందు అన్ని లెక్కల్లోనూ ఇది కావాలి. స్పీడోమీటర్ వేగాన్ని కాస్త ఎక్కువ చేసి చూపడం చాలా బండ్లలో ఉండేదే. వేగం ఎక్కువ చూపుతోంది కాబట్టి దూరం కూడా అంతే తప్పు అనుకోకుండా రెండింటినీ వేర్వేరుగా చూడాలి.

ట్యాంకును లీటరు లీటరుగా కొలవడం

ఇది ఒక పూట పని, పైగా మొత్తం వ్యవహారంలో అతి విలువైన పని. దీన్ని ఒక్కసారి శ్రద్ధగా చేసినవారికి ముల్లు పనిచేయకపోయినా బండి దారిలో ఆగే అవకాశం చాలా తక్కువ.

ముందుగా జాగ్రత్తలు. ఇంజను పూర్తిగా చల్లారాక, ఆరుబయట, గాలి ఆడే చోట మాత్రమే ఈ పని చేయాలి. వంటగది కిటికీ, దీపం, మోటారు స్విచ్చి, బీడీ కాల్చే మనిషి, ఇవేవీ దగ్గర్లో ఉండకూడదు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది కాబట్టి నేలబారుగా పాకి దూరంగా ఉన్న నిప్పును కూడా చేరగలదు. ఒక బకెట్ పొడి ఇసుక పక్కన ఉంచుకోండి. పెట్రోలు పట్టేందుకు మూత గట్టిగా బిగిసే లోహపు డబ్బా వాడండి, నీళ్ల సీసాలు వద్దు. ట్యూబు పెట్టి నోటితో పీల్చే అలవాటు మన దగ్గర విపరీతంగా ఉంది. ఒక్క గుక్క పెట్రోలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయమైన వాపు రావచ్చు. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు, పిల్లలతో అసలే చేయించవద్దు.

కార్బురేటర్ బండిని డబుల్ స్టాండ్ మీద నిలిపి, ట్యాపు ఆఫ్ చేసి, కార్బురేటర్‌కు వెళ్లే పైపును ఆ చివర విప్పి డబ్బాలోకి పెట్టండి. ట్యాపును రిజర్వులోకి తిప్పి, ధార ఆగేవరకు ట్యాంకును ఖాళీ చేయండి. కొన్ని బండ్లలో ట్యాపు ఇంజను వాక్యూమ్‌తో మాత్రమే తెరుచుకుంటుంది, వాటిలో ఇలా ధార రాదు. అలాంటప్పుడు ఈ పనిని మెకానిక్ దగ్గర చేయించుకోండి. ఖాళీ చేశాక ట్యాపు ఆఫ్ చేసి, బండిని జాగ్రత్తగా పట్టుకుని ఎడమవైపుకు బాగా వంచి, తిరిగి నిలిపి, మళ్లీ రిజర్వులోకి తిప్పి చూడండి. కొద్దిగా పెట్రోలు ఇంకా రావచ్చు. ట్యాంకు అడుగుభాగం ఛాసిస్ గొట్టం మీద గుర్రపు జీనులా కూర్చుంటుంది, అందువల్ల అడుగున రెండు పక్కలా రెండు గుంటలు ఉంటాయి. ట్యాపు సాధారణంగా ఎడమ గుంటలో ఉంటుంది కాబట్టి కుడి గుంటలో మిగిలిన పెట్రోలు దానంతట అది ట్యాపును చేరదు. పెట్రోలు అయిపోయినప్పుడు మనవాళ్లు బండిని పక్కకు వంచి మళ్లీ స్టార్ట్ చేయడం వెనుక ఉన్న కిటుకు ఇదే. అది మూఢనమ్మకం కాదు, పది పన్నెండు నిమిషాల ప్రయాణానికి పనికొచ్చే పెట్రోలు దానివల్ల నిజంగానే దొరకవచ్చు.

ఇప్పుడు ట్యాపు ఆఫ్‌లో ఉంచి, గీతలున్న కొలత జాడీతో కచ్చితంగా నాలుగు లీటర్లు పోయండి. ట్యాపును ఆన్‌లోకి తిప్పి, ధార ఆగేవరకు డబ్బాలోకి వదిలి, వచ్చినదాన్ని కొలవండి. తరువాత రిజర్వులోకి తిప్పి అందులో వచ్చినదాన్ని విడిగా కొలవండి. నా బండిలో ఆన్‌లో 2.3 లీటర్లు, రిజర్వులో 1.3 లీటర్లు వచ్చాయి, 0.4 లీటరు గుంటల్లోనే మిగిలిపోయింది. ఈ మూడు అంకెలు మీ బండికి ఎంతో మీరే కొలిచి రాసుకోవాలి. పుస్తకంలో రాసిన రిజర్వు పరిమాణం కొత్త ట్యాపుది. మీ ట్యాపులో నిలబడి ఉండే గొట్టం పగిలిందో, ఊడిందో, ఎవరైనా వేరే మోడల్ ట్యాపు వేశారో ఆ పుస్తకానికి తెలియదు. రిజర్వు పనిచేసే తీరు చాలా సాదా: ఆన్‌లో పెట్రోలు ఒక ఎత్తైన గొట్టం కొననుంచి దిగుతుంది, రిజర్వులో అడుగునున్న రంధ్రంనుంచి దిగుతుంది. ఆ గొట్టం మొదట్లోనే పగిలితే ఆన్‌లోనే మొత్తం పెట్రోలు అయిపోయి, రిజర్వులోకి తిప్పాక ఒక్క చుక్క కూడా రాదు. ఆన్‌లో దాదాపు అంతా వచ్చేసి రిజర్వులో ఏమీ రాలేదంటే ట్యాపు మార్చవలసిందే.

తరువాత గేజి, అంటే పెట్రోలు మీటరు, పట్టిక. పైపును మళ్లీ బిగించి, ట్యాంకు ఖాళీగా ఉన్నప్పుడు తాళం ఆన్ చేసి ముల్లు ఎక్కడుందో రాసుకోండి. ఒక్కొక్క లీటరు పోస్తూ, పోసిన ప్రతిసారీ మూత పెట్టి, ఒక నిమిషం ఆగి, తాళం ఆన్ చేసి ముల్లు స్థానాన్ని రాసుకుని, తాళం ఆఫ్ చేశాకే తరువాతి లీటరు పోయండి. మీటరు ఫోటో తీసుకుంటే ఇంకా మంచిది, అయితే ఫోనును ట్యాంకు మూతికి దూరంగా ఉంచండి. ట్యాంకు మూతినుంచి లోపలికి దిగే మెడ అడుగు అంచు వరకు మాత్రమే నింపాలి, పైవరకు కాదు. ఎండకు పెట్రోలు వ్యాకోచించడానికి ఆ ఖాళీ అవసరం.

ఈ పట్టికలో అంకెలు సమానంగా పెరగవు, దాన్ని లోపమని అనుకోవద్దు. ఫ్లోటు ఒక చేతి చివర వంపుగా తిరుగుతుంది, ట్యాంకు పైన వెడల్పుగా కింద ఇరుకుగా ఉంటుంది. అందువల్ల పై సగం నిదానంగా, కింది సగం వేగంగా దిగిపోయినట్టు కనిపిస్తుంది. మరమ్మతు తరువాత నా బండిలో మొదటి రెండు లీటర్లకు ముల్లు కదలనే లేదు, మూడో లీటరుకు ఎర్ర గీత దాటింది, ఐదున్నర దగ్గర సగానికి వచ్చింది, ఎనిమిది లీటర్లకే ఫుల్ చేరి, 11 లీటర్లు నిండేవరకు అక్కడే ఉంది. అంటే ఫుల్‌నుంచి ముల్లు మొదటిసారి కదిలేసరికే మూడు లీటర్లు ఖర్చయి ఉంటాయి. సైడ్ స్టాండ్ మీద పెట్రోలు ఎడమకు ఒరుగుతుంది కాబట్టి అప్పటి ముల్లు స్థానాన్ని ఎన్నడూ లెక్కలోకి తీసుకోకూడదు.

లీటరుకు ఎంత దూరం

దీనికి నమ్మదగిన పద్ధతి ఒక్కటే: ఫుల్ ట్యాంకునుంచి ఫుల్ ట్యాంకుకు. బండిని డబుల్ స్టాండ్ మీద నిలిపి మెడ అంచు వరకు నింపించి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, కనీసం 250 నుంచి 300 కిలోమీటర్లు మీరు రోజూ తిరిగే దారుల్లోనే తిరిగి, అదే బంకులో అదే అంచు వరకు మళ్లీ నింపించండి. రెండోసారి పట్టిన లీటర్లే మీరు ఖర్చు చేసినవి. నేను 312 కిలోమీటర్లు తిరిగాక 6.4 లీటర్లు పట్టాయి. గుణకం వేస్తే నిజమైన దూరం 300 కిలోమీటర్లకు కాస్త తక్కువ, మైలేజీ దాదాపు 47. గుణకం వేయకపోతే 49 అని సంతోషపడి ఉండేవాడిని. ఒక లీటరు పోసి బండి ఆగేవరకు నడిపి చూసే పద్ధతిని వదిలేయండి. ట్యాంకులో, కార్బురేటర్‌లో మిగిలిన చిన్న మొత్తం కూడా ఒక లీటరు లెక్కను బాగా తారుమారు చేస్తుంది.

ఇలా కనీసం మూడు ట్యాంకులు కొలిచి, వాటిలో అతి తక్కువ అంకెను రేంజి (నిండు ట్యాంకుతో వెళ్లగల దూరం) లెక్కకు వాడండి, సగటును కాదు. దారిలో ఎదురుగాలి ఉన్న రోజు, వెనక మనిషీ సామానూ ఉన్న రోజు మిమ్మల్ని కాపాడేది ఆ తక్కువ అంకే.

బంకు కొలత మీదే అనుమానం ఉంటే అడగడానికి మొహమాటపడవలసిన పనిలేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల కొలత పాత్ర ప్రతి బంకులోనూ ఉండాలి, వినియోగదారుడు అడిగితే అందులో పోసి చూపించాలి. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు తేడాను నిబంధనలు అనుమతిస్తాయి, అంతకు మించితే ఫిర్యాదు చేయవచ్చు.

మైలేజీ ఈ మధ్య తగ్గిందని పాత బండ్లవాళ్లు చాలామంది అంటున్నారు. అందులో కొంత భాగానికి కారణం పెట్రోలులోనే, దానిలో కలిపే ఇథనాల్ అనే ఆల్కహాల్‌లో ఉంది. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులోని శక్తిలో మూడింట రెండు వంతులే. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20లో, అసలు కలపని పెట్రోలుతో పోలిస్తే లీటరుకు దాదాపు 6 నుంచి 7 శాతం శక్తి తక్కువ; 10 శాతం కలిపిన ఈ10తో పోల్చినా సుమారు మూడున్నర శాతం తక్కువ. కాబట్టి 47 ఇచ్చే బండి 45 ఇస్తే అందులో ఇంజను తప్పు లేకపోవచ్చు. అంతకు మించి 40కి, 35కి పడిపోతే మాత్రం నెపం పెట్రోలు మీద వేసి ఊరుకోకూడదు. టైర్లలో గాలి, పట్టి ఉంచే బ్రేకు, బిగువైన చైను, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, సగంలో ఇరుక్కున్న చోక్, జారే క్లచ్చి, ఈ వరుసలో చూపించండి. డబుల్ స్టాండ్ మీద గేరు న్యూట్రల్‌లో ఉంచి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే అది రెండు మూడు చుట్లయినా తేలికగా తిరగాలి. చాలా పాత బండ్ల రోగం ఆ ఒక్క పరీక్షలోనే బయటపడుతుంది.

ఇప్పుడు రేంజి లెక్క సులభం. నా ట్యాంకు 11 లీటర్లు. అందులో రిజర్వు 1.3, వాడుకోలేనిది 0.4 పోతే ఆన్‌లో 9.3 లీటర్లు. నా అతి తక్కువ మైలేజీ 44. కాబట్టి ట్యాంకు నింపిన తరువాత సుమారు 409 కిలోమీటర్ల దగ్గర రిజర్వు పడాలి, అక్కడినుంచి 57 కిలోమీటర్లు వెళ్లాలి. రిజర్వు దూరాన్ని నేను 40గానే లెక్కపెట్టుకుంటాను. మీటరు ఎక్కువ చూపే బండి కాబట్టి ఆ 409ని ట్రిప్ మీటర్ అంకెలోకి మార్చితే 425 అవుతుంది. సీటు కింద అంటించుకోవలసిన అంకె అది.

ముల్లును బాగుచేయడం

ఇంత లెక్క చేతికొచ్చాకే గేజి మరమ్మతు మొదలుపెట్టండి. గేజి పనితీరు తెలిస్తే భయం పోతుంది. ట్యాంకు లోపల ఒక ఫ్లోటు, దానికి ఒక చేయి, ఆ చేయి కదిలినప్పుడు మారే ఒక రెసిస్టెన్సు ఉంటాయి. ట్యాంకునుంచి రెండు మూడు వైర్లు వైర్లను జతచేసే ఒక కప్లర్ ద్వారా మీటరుకు వెళ్తాయి. లోపం ఫ్లోటు యూనిట్‌లోనో, వైర్లలోనో, మీటరులోనో ఉండాలి. ఏదో తేల్చడానికి కప్లరే సరైన చోటు.

ట్యాంకు కింద ఆ కప్లర్‌ను విప్పి, ముందుగా పిన్నులు చూడండి. పచ్చటి పొర పట్టి ఉంటే కాంటాక్టు క్లీనరుతో శుభ్రం చేసి మళ్లీ కలపండి. వానలో తడిసే బండ్లలో సగం సమస్యలు ఇక్కడే తీరిపోతాయి. తీరకపోతే, ముల్లు ఉన్న మీటర్లలో, కప్లర్ విప్పి తాళం ఆన్ చేసి చూడండి: ముల్లు ఒక చివరకు పోవాలి. తరువాత మీటరు వైపు కప్లర్‌లోని రెండు వైర్లను చిన్న వైరు ముక్కతో రెండు మూడు సెకన్లు కలపండి: ముల్లు రెండో చివరకు పోవాలి. రెండూ జరిగితే మీటరూ వైర్లూ బాగున్నట్టే, లోపం ట్యాంకులో ఉంది. ముల్లు కదలకపోతే ఫ్యూజు, ఎర్త్, వైరింగ్, మీటరు, ఈ క్రమంలో వెతకాలి. ఈ పరీక్షను ట్యాంకు మూత గట్టిగా బిగించి, పెట్రోలు వాసన లేని చోటే చేయండి. డిజిటల్ మీటర్లకు నేరుగా ఇలా వైరు కలపకూడదు. వాటికి సర్వీస్ మాన్యువల్‌లో చెప్పిన విలువ గల రెసిస్టరు వాడాలి.

ఫ్లోటు యూనిట్‌ను పరీక్షించడానికి మల్టీమీటరును 200 ఓమ్‌ల స్థానంలో పెట్టి ట్యాంకు వైపు కప్లర్‌కు తగిలించండి. జపాన్ సాంకేతికతతో వచ్చిన చాలా బండ్లలో ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఓమ్‌లు తక్కువగా, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉంటాయి. కొన్ని బండ్లలో ఇది తారుమారుగా ఉంటుంది. అందుకే బయట దొరికే ఏదో ఒక ఫ్లోటు యూనిట్ వేస్తే ముల్లు ఉల్టా చూపడం, లేక సగం దాటకపోవడం జరుగుతుంది. యూనిట్‌ను విప్పవలసివస్తే ముందు బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ట్యాంకును ఖాళీ చేసి బండినుంచి దించి, మెత్తటి గుడ్డ మీద బోర్లించండి. నాలుగు నట్లు విప్పాక యూనిట్‌ను నేరుగా లాగకుండా, ఫ్లోటు చేయి వంగకుండా కాస్త తిప్పుతూ తీయాలి.

బయటికి తీశాక మూడు సంగతులు చూడండి. ఫ్లోటును చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల ద్రవం చప్పుడు వినిపిస్తే అది చిల్లుపడి మునిగిపోతోందన్నమాట, గేజి ఎప్పుడూ ఖాళీ అనే చెబుతుంది. చేతిని కిందినుంచి పైకి నెమ్మదిగా కదుపుతూ మల్టీమీటరు చూస్తే అంకెలు తెగకుండా మారాలి. మధ్యలో ఎక్కడైనా మాయమైతే ఆ చోట రెసిస్టెన్సు పట్టీ అరిగిపోయింది, ముల్లు ఎగిరిపడటానికి అదే కారణం. చేయి దాని బరువుకు అదే కిందికి జారాలి. నా బండిలో తప్పు ఇక్కడే దొరికింది: కీలు దగ్గర తుప్పు చేరి చేయి పావు దగ్గర ఆగిపోతోంది, అందుకే ట్యాంకు ఎండిపోయినా ముల్లు పావు చూపుతూనే ఉంది. మెత్తటి బ్రష్‌తో తుప్పు వదిలించి, కాంటాక్టు క్లీనరుతో కడిగితే సరిపోయింది. పట్టీని గరుకు కాగితంతో రుద్దవద్దు, ఉన్న పూత కూడా పోతుంది. ముల్లును సరిచేయడానికి చేతిని వంచడమన్నది కొందరు మెకానిక్‌లు చేసే పని. కింది చివర సరిచేస్తే పై చివర తప్పుతుంది కాబట్టి నేను దాన్ని ఒప్పుకోను.

తిరిగి బిగించేటప్పుడు పాత రబ్బరు వాషర్‌ను తప్పకుండా మార్చండి. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా బండ్ల రబ్బరు భాగాలు ఈ20ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, పాతవి ఉబ్బో గట్టిపడో కారడం మొదలుపెడతాయి. ముందు ఒక లీటరు పోసి, అరగంట కాగితం మీద నిలిపి, చుక్క పడలేదని చూశాకే ట్యాంకును బండి మీద పెట్టండి. తరువాత లీటరు పట్టికను మళ్లీ కొత్తగా రాసుకోవాలి.

పెట్రోలు ఉండి కూడా ఆగిపోతే

ట్యాంకు మూతలో గాలి పోయే సన్నటి రంధ్రం ఉంటుంది. అది మట్టితో మూసుకుపోతే, పెట్రోలు దిగేకొద్దీ ట్యాంకులో గాలి పలచబడి, కొన్ని కిలోమీటర్ల తరువాత ధార ఆగిపోతుంది. మూత తీయగానే స్స్‌మని గాలి లోపలికి పోయి, బండి మళ్లీ స్టార్ట్ అయితే రోగం ఇదే. పెట్రోలు తక్కువైందని అనుకుని చాలామంది బంకుకు వెళ్లి పోయించుకుంటారు, మూత తీయడం వల్లే బాగైందని గ్రహించరు, పది కిలోమీటర్ల తరువాత మళ్లీ ఆగుతారు.

వానాకాలంలో మరో సంగతి ఉంది. ఇథనాల్ కలిసిన పెట్రోలు నీటిని కలుపుకుంటుంది. నీరు మోతాదు మించితే ఇథనాల్, నీరు కలిసిన పొర విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతుంది. ఆన్‌లో చక్కగా నడిచి, రిజర్వులోకి తిప్పగానే తుమ్మి ఆగిపోయే బండికి అడుగున ఆ పొర ఉందేమో చూడాలి. రిజర్వు ధారను గాజు సీసాలో పట్టి పది నిమిషాలు నిలిపితే అడుగున వేరే పొర కనిపిస్తుంది. నెలల తరబడి ఆన్‌లోనే తిరిగిన బండిని ఏడాదికి రెండుసార్లయినా కావాలని రిజర్వులో కొంతదూరం నడపడం ఈ మురికి పేరుకోకుండా చూస్తుంది.

ఇంజెక్షన్ బండ్లు, గేజి లేని బండ్లు

ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపు ట్యాంకు లోపలే ఉండి, చుట్టూ ఉన్న పెట్రోలుతోనే చల్లబడుతుంది. మాటిమాటికీ ట్యాంకు ఎండేవరకు నడిపితే ఆ పంపు చెడుతుంది, దాని ఖరీదు ట్యాపు ఖరీదుతో పోల్చలేనిది. పైపులో ఒత్తిడి ఎక్కువ కాబట్టి ఇంట్లో పైపు విప్పి ఖాళీ చేయవద్దు. వీటిలో కొలతను పైనుంచి కిందికి తీయాలి: నింపించి, ట్రిప్ సున్నా చేసి, డిజిటల్ మీటరులో పెట్రోలు చివరి గడి మిణుకుమనే క్షణంలో దూరం రాసుకుని, వెంటనే నింపించి ఎన్ని లీటర్లు పట్టాయో చూడండి. ట్యాంకు సామర్థ్యంలోంచి ఆ లీటర్లు తీసేస్తే మిణుకు మొదలయ్యాక మిగిలేది తెలుస్తుంది. తెరమీద కనిపించే మిగిలిన దూరం ఇటీవలి మీ నడకను బట్టి వేసిన అంచనా మాత్రమే. ఊళ్లోంచి ఘాట్ రోడ్డు ఎక్కగానే అది గబగబా పడిపోతుంది.

2021కి ముందరి రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 వంటి బండ్లలో ముల్లే లేదు, హెచ్చరిక దీపం మాత్రమే ఉంటుంది. వాటిని కొన్నవారికి పైన చెప్పిన ట్రిప్ మీటర్ లెక్కే గేజి.

శ్రీశైలం వెళ్లేటప్పుడు నేను ఈ లెక్కను ఎలా వాడతానో చెబుతాను. హైదరాబాద్‌నుంచి వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అంతా నల్లమల అడవి. రాత్రి 9నుంచి ఉదయం 6 వరకు గేటు మూసే ఉంటుంది, ఘాట్ మలుపుల్లో మైలేజీ పడిపోతుంది. అందుకే ముల్లు సగానికి పైన ఉన్నా సరే, అచ్చంపేట ప్రాంతంలో ట్రిప్ మీటర్ చూసి, రానూ పోనూ అడవి దూరాన్ని 38తో భాగించి, రిజర్వును అసలు కలపకుండా, అంత పెట్రోలు లేకపోతే అక్కడే నింపించుకుంటాను. బంకులో బండిని డబుల్ స్టాండ్ మీద పెట్టించి, మెడ అంచు దగ్గర ఆపమని చెప్పి, ట్రిప్ మీటర్ సున్నా చేసి, ట్యాపు ఆన్‌లో ఉందో లేదో చేత్తో తడిమి చూశాకే బయలుదేరతాను.